కొట్టు నిలబెట్టేది వారసులేనా?

పాత హోటళ్ల గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా రాస్తారు: "ఇప్పుడు నాలుగో తరం నడుపుతోంది." పక్కనే ఒక ఫొటో. గోడ మీద దండ వేసిన తాతగారు, కింద గల్లాపెట్టె దగ్గర మనవడు. చదివినవాళ్లం "ఆహా" అనుకుని షేర్ చేసేస్తాం. ఈ వరస మీద నాకు చాలాకాలంగా ఒక పేచీ ఉంది. ఒక కొట్టు వందేళ్లు నిలబడితే ఆ గొప్పంతా తీసుకెళ్లి రక్తసంబంధానికి కట్టబెట్టేస్తున్నాం. దాన్ని నిజంగా నిలబెట్టినవి వేరే ఉంటాయి. సొంత గోడలు, పక్క వీధిలో రొట్టె బట్టీ, వీధి చివర ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు, మారని లైసెన్సు, ఏళ్ల తరబడి పొయ్యి వదలని ఒక మనిషి. ఆ మనిషి ఇంటిపేరు బోర్డు మీద ఉన్నదే అయుండాలని రూలేమీ లేదు.

నేనుండేది హ్యూస్టన్. న్యూ ఆర్లీన్స్ కారులో ఐదారు గంటలు. ఇండియా నుంచి చుట్టాలొస్తే తిప్పి చూపించే ఊళ్లలో అదొకటి. అందరూ ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాతపేట చూసి, పంచదార పొడి ఒలికించుకుంటూ బేన్యేలనే నూనెలో వేయించిన తీపి రొట్టెలు తిని, బార్లతో నిండిన బోర్బన్ స్ట్రీట్ వాసనకి ముక్కు మూసుకుని తిరిగొచ్చేస్తారు. నేను మాత్రం వాళ్లని మిసిసిపి నది ఒంపు వెంబడి పైకి, ఇళ్ల మధ్యలో ఉండే డోమిలీస్ అనే కొట్టుకి లాక్కెళ్తాను. అనన్సియేషన్ స్ట్రీట్‌లో ఒక మూల పసుపురంగు పాత ఇల్లు. చేత్తో రాసిన బోర్డు. ఆ బోర్డు లేకపోతే ఎవరింటికో వచ్చామనుకుంటాం. ఒకే కుటుంబం చేతిలో వందేళ్లు దాటిన శాండ్‌విచ్ కొట్టు, బార్.

లోపలికి వెళ్లగానే నంబరు చీటీ తీసుకోవాలి. మన నంబరు పిలిస్తే కౌంటరు దగ్గరికి వెళ్లి, అవతల నిలబడ్డ ఆవిడకి ఏం కావాలో చెప్పాలి. అప్పుడే పిండి పట్టించిన రొయ్యలు నూనెలో పడతాయి, ముందే వేయించి పెట్టుకోరు. ఆలోపు ఆవిడ బారెడు రొట్టెలోంచి మనకి కావలసినంత కోసి, పక్కనుంచి చీల్చి తెరుస్తుంది. "డ్రెస్డ్?" అని అడుగుతుంది. అవునంటే లెట్యూస్ తరుగు, టమాటా, ఊరబెట్టిన కీరా ముక్కలు, మయోనీస్ పడతాయి. దాని మీద వేడి రొయ్యలు. కొన్ని జారి కాగితం మీద పడతాయి, ఆవిడ వాటిని ఏరదు, అలాగే చుట్టేస్తుంది. నాకు ఆ జారిపడ్డవే ఇష్టం. రోస్ట్ బీఫ్ తినేవాళ్లయితే గంటల తరబడి ఉడికి పీచుపీచుగా విడిపోయిన మాంసం, దాని గ్రేవీ. సగం తినేసరికి గ్రేవీ మోచేతి దాకా వస్తుంది. ఈ శాండ్‌విచ్‌నే పోబాయ్ అంటారు. గదికి అవతలివైపు బార్. పెద్దవాళ్లకి చల్లటి గ్లాసులో బీరు, పిల్లలకి అదే బల్ల మీద రూట్ బీర్ సీసా, పేరుకే బీరు గానీ మత్తులేని తీపి సోడా.

"ఒరేయ్, ఇది బారు కదరా! పిల్లల్తో వచ్చాం" అని మా మేనత్త గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ కొట్టులో అందరికీ తెలిసిన మనిషి గురించి. ఊరంతా మిస్ డాట్ అని పిలిచే డొరతీ డోమిలీస్. డెబ్భై ఏళ్లకు పైగా ఆ కౌంటరు వెనక పనిచేసి, 2013లో తొంభై ఏళ్ల వయసులో పోయింది. కొట్టు గురించి రాసినవాళ్లంతా ఆవిడ గురించే రాశారు. ఆవిడ చెయ్యి, ఆవిడ పలకరింపు, ఆవిడ రొయ్యలు. మరి ఆవిడ ఆ ఇంట్లో పుట్టిన పిల్ల కాదు. న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా రాష్ట్రంలోనే ఫ్రాంక్లిన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చి, డోమిలీస్ వాళ్లబ్బాయి శామ్‌ని పెళ్లిచేసుకున్న కోడలు. ఆవిడ పక్కన ఏళ్ల తరబడి నిలబడిన ప్యాటీ కూడా ఆ ఇంటి కోడలే. అంటే తరం తర్వాత తరం ఆ రొట్టెలో ఏం పడాలో చూసుకున్న చేతులు బయటినుంచి వచ్చినవి. ఇంటిపేరు మాత్రం మగవాళ్లది.

ఇది న్యూ ఆర్లీన్స్ వింతేమీ కాదు. మన దగ్గర ఏ "తాతల నాటి" మెస్సు చరిత్ర తవ్వినా ఇదే కదా. తాతగారి పేరుతో బోర్డు, నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన పప్పుచారు. ఆవకాయ కలిపింది కోడళ్లు, పేరొచ్చింది కొడుకులకి. కాబట్టి "నాలుగు తరాల రక్తం" అని ఎవరైనా రాస్తే ముందు వంటింట్లోకి తొంగిచూడమంటాను. చాలాచోట్ల ఆ రక్తం గల్లాపెట్టె దగ్గరే ఆగిపోతుంది. పొయ్యి దగ్గరున్న మనిషి బయటినుంచి వచ్చి, చూసి, నేర్చుకున్న మనిషే. కోడలు నేర్చుకోగలిగితే పనివాడు నేర్చుకోలేడా? ఇది నా మొదటి ప్రశ్న.

రెండోది రొట్టె. పోబాయ్ కథ 1929లో మొదలవుతుందని చెప్పుకుంటారు. ఆ ఏడు జూలై 1న న్యూ ఆర్లీన్స్‌లో ట్రామ్ కార్మికులు సమ్మెకి దిగారు. ఫ్రెంచ్ మార్కెట్ దగ్గర హోటల్ నడుపుతున్న బెన్నీ మార్టిన్, క్లోవిస్ మార్టిన్ అనే అన్నదమ్ములు అంతకుముందు ట్రామ్‌ల మీద పనిచేసినవాళ్లే. సమ్మెలో ఉన్న 194వ డివిజన్ యూనియన్ సభ్యులకు తిండి ఉచితం అని ఉత్తరం రాసి మరీ ప్రకటించారు. సమ్మె సాగింది, తినేవాళ్లు పెరిగారు. అప్పట్లో ఫ్రెంచి రొట్టె రెండు చివర్లా సన్నగా ఉండేది. శాండ్‌విచ్‌కి కోస్తే ఆ కొసలు వృథా. మార్టిన్ సోదరులు జాన్ జెండూసా అనే బట్టీ యజమానితో మాట్లాడి, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే లావు ఉండే, నలభై అంగుళాల రొట్టె చేయించారు. ఎక్కడ కోసినా ఒకటే ముక్క, వృథా లేదు. ఉచితంగా పెట్టేవాడికి వృథా అంటే ఏమిటో బాగా తెలుస్తుంది మరి. సమ్మె చివరికి ఓడిపోయింది. శాండ్‌విచ్ మిగిలింది.

మార్టిన్ సోదరుల హోటల్ తర్వాత సెయింట్ క్లాడ్ అవెన్యూలో రాత్రింబవళ్లు నడిచే పెద్ద వ్యాపారమైంది. ఈ వంటకానికి పేరు తెచ్చిన ఆ కొట్టు ఇప్పుడు లేదు. వాళ్లకి కొట్టుంది, పేరుంది, బంధువులున్నారు, అయినా పోయింది. బట్టీలు మాత్రం ఉన్నాయి. జెండూసా వాళ్లు ఆ తర్వాత కూడా దశాబ్దాలు కాల్చారు. ఇంకోవైపు లైడెన్‌హైమర్ ఉంది. 1896లో ఒక జర్మన్ వలసదారు పెట్టిన బట్టీ. డోమిలీస్‌కీ, నేను ముందు చెప్పబోయే పార్క్‌వేకీ రొట్టె వచ్చేది అక్కణ్ణుంచే.

ఆ రొట్టె సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే అసలు గుట్టు అందులోనే ఉంది. పైపొర పూతరేకులా చిట్లుతుంది, లోపలంతా గాలి, మెత్తన. రొయ్యల కరకర, టమాటా తడి, మయోనీస్ జిడ్డు అన్నీ భరించి, కొరికితే తెగుతుంది. ప్యారిస్‌లో తినే బాగెట్ అనే పొడుగు రొట్టె పెడితే గట్టిగా ఉండి లోపలివన్నీ వెనక నుంచి జారిపోతాయి. ఈ రొట్టె బలహీనత కూడా అదే, పూట గడిస్తే సాగుతుంది. పొద్దున కాల్చింది పొద్దుటే దిగాలి. హ్యూస్టన్‌లో పోబాయ్ అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. రొయ్యలు అవే, మసాలా అదే, రొట్టె దగ్గర తేలిపోతారు. కాబట్టి న్యూ ఆర్లీన్స్‌లో ఒక మూల కొట్టు వందేళ్లు నడిచిందంటే, తెల్లవారుజామున రొట్టె బండి అన్ని మూలలకీ తిరగడానికి సరిపడా కొట్లు ఆ ఊళ్లో ఉన్నాయని అర్థం. ఒక్క కొట్టు కోసం ఏ బట్టీ బండి తిప్పదు. చుట్టుపక్కల పది కొట్లు మూతపడితే పదకొండోది, ఎంత గొప్ప కుటుంబమైనా, రొట్టెకి వెతుక్కోవాల్సిందే. పోటీదారు బతికుంటేనే మనం బతుకుతాం అన్న లెక్క మన టిఫిన్ సెంటర్ల వాళ్లకి పిండి మిల్లు దగ్గర, పాల బూత్ దగ్గర తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు బారు సంగతి. డోమిలీస్ మొదట్లో నదీతీరంలో పనిచేసేవాళ్లు వచ్చి తాగే బారు. తిండి తర్వాత ముందుకొచ్చింది. ఇలాంటి కొట్లలో బారు ఒక అలంకారం కాదు. రొయ్య ధర ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి. శాండ్‌విచ్ మీద మిగిలేది ఎప్పుడూ ఊగుతూ ఉంటుంది. బీరు మీద మిగిలేది అలా ఊగదు, చెడిపోదు, వండక్కర్లేదు. వాన పడి మధ్యాహ్నం జనం రాకపోయినా సాయంత్రం నలుగురు కూర్చుంటే కరెంటు బిల్లు వచ్చేస్తుంది. మా మేనత్త గుమ్మంలో ఆగింది గానీ, ఆ బారే లేకపోతే ఆవిడ లోపలికొచ్చి లొట్టలేసుకుంటూ తిన్న రొయ్యల పోబాయ్ ఎప్పుడో ఆగిపోయేదని నా నమ్మకం.

మనకి ఇలాంటి చోటు లేదు. మన బార్ అండ్ రెస్టారెంట్‌కి అద్దాల మీద నల్ల ఫిల్మ్, లోపల లైట్లు డిమ్ము, "ఫ్యామిలీ సెక్షన్ వేరుగా కలదు" అని బోర్డు. ఆడవాళ్లు అటు చూడకుండా నడుస్తారు. దీనికి మన సంస్కృతే కారణం అని చేతులు దులుపుకోవడం తేలిక. ప్రభుత్వాల పాత్ర కూడా తక్కువేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేశారు. 2019 తర్వాత ఐదేళ్లు షాపులు ప్రభుత్వమే నడిపి, 2024 అక్టోబరు నుంచి మళ్లీ లాటరీ తీసి ప్రైవేటుకిచ్చారు. తెలంగాణలో వైన్ షాపుల లైసెన్సు రెండేళ్లకోసారి లాటరీలో మారుతుంది. రెండేళ్ల తర్వాత ఉంటుందో లేదో తెలియని షాపులో ఎవడు మంచి బల్లలేస్తాడు? వచ్చినవాళ్లతో దూరమాలోచించి ఎవడు పలకరింపు పెంచుకుంటాడు? ఉన్న రెండేళ్లలో పిండుకుంటాడు. అమెరికాలోనూ 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది, ఎన్నో బార్లు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత మాత్రం లైసెన్సు అనేది తాతనుంచి మనవడిదాకా ప్లాన్ వేసుకోగలిగిన వస్తువైంది. నాలుగో తరం అనే మాటకి ఆ చట్టం ముందు కావాలి, తరాలు తర్వాత.

సరే, ఇక నా వాదనకి అసలు సాక్ష్యం. ఊరి మధ్యలో, బైయూ సెయింట్ జాన్ అనే చిన్న కాలువ పక్కన పార్క్‌వే బేకరీ అండ్ ట్యావర్న్ ఉంది. 1911లో ఒక జర్మన్ బేకరు మొదలుపెట్టాడు. 1922లో టిమతీ కుటుంబం కొంది. కూతవేటు దూరంలో అమెరికన్ క్యాన్ కంపెనీ డబ్బాల ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడిచేది. షిఫ్టు దిగినవాళ్లూ, ఎక్కబోయేవాళ్లూ అక్కడే తినేవాళ్లు. 1978 వరదలో బట్టీ పొయ్యిలు పాడయ్యాయి, రొట్టె బయట కొనుక్కుని శాండ్‌విచ్‌లతో నెట్టుకొచ్చారు. 1980ల చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. 1993లో కొట్టూ మూతపడింది. డెబ్భై ఏళ్లు నడిపిన కుటుంబం, పేరున్న కుటుంబం. రక్తం ఎక్కడికీ పోలేదు. షిఫ్టులు పోయాయి, అంతే. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు.

1995లో ఆ కొట్టు కొన్నది పక్కింటాయన. జే నిక్స్ అనే బిల్డింగ్ కాంట్రాక్టరు, హోటల్ నడిపిన అనుభవం లేదు. టిమతీ వాళ్లకి చుట్టమూ కాదు. గోడలు సరిచేసి, పాత వస్తువులు పాతవిగానే ఉంచి, 2003 చివర్లో తెరిచాడు. రెండేళ్లు తిరక్కుండానే 2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను. కరకట్టలు తెగి ఊళ్లో దాదాపు 80 శాతం మునిగింది, పార్క్‌వేలో మనిషిలోతు నీళ్లు. డోమిలీస్ ఉన్న నదీతీరపు గట్టు మాత్రం కాస్త ఎత్తు. అక్కడివాళ్లు ఆ మేరకు అదృష్టవంతులు, ఇందులోనూ కుటుంబ గొప్పతనం లేదు, నేల ఎత్తు అంతే. నిక్స్ మాత్రం కొద్ది నెలల్లోనే మళ్లీ పొయ్యి వెలిగించాడు. చుట్టూ ఇళ్లు బూజుపట్టి ఉన్నాయి, కరెంటు లేని వీధులున్నాయి. ఇల్లు శుభ్రం చేసుకోడానికి వచ్చినవాళ్లకి వేడిగా తినడానికి ఒక చోటు దొరికింది. తుపాను ఐదో వార్షికోత్సవం రోజున, 2010లో, ఒబామా కుటుంబంతో వచ్చి ఇక్కడే తిన్నాడు. ఆ ఫొటో గోడమీదికెక్కింది.

ఇక్కడ ఆగి అడగండి. పార్క్‌వే 1922 నుంచి 1993 దాకా ఎవరిది? టిమతీ వాళ్లది. ఇప్పుడెవరిది? నిక్స్‌ది, వంటిల్లూ వ్యవహారం చూసుకునేది అతని మేనల్లుడు. మళ్లీ అదో "ఫ్యామిలీ" కొట్టు! మధ్యలో కుటుంబం మారిపోయినా కొట్టు అదే అని ఊరు ఒప్పుకుంది. అలా ఒప్పుకునేలా చేసినవేమిటో చూస్తే అదే మూల, అదే తరహా రొట్టె, అదే బారు బల్ల, ధర పేటవాళ్లకి అందేలా ఉండటం. ఇంటిపేరు ఆ జాబితాలో లేదు.

గోడల గురించి ఇంకో ముక్క. ఇలా దశాబ్దాలు నడిచిన మూల కొట్లలో చాలావాటికి ఇల్లు సొంతం. కొన్నిచోట్ల కుటుంబం పైనే కాపురం. అద్దె లేదు కాబట్టి లాభం సన్నగా ఉన్నా గడుస్తుంది, పేట పెరిగి ఇళ్ల ధరలు ఆకాశానికంటినా వాళ్లని లేపేవాడు లేడు. అదే అద్దె కొట్టయితే వంట ఎంత బాగుంటే పేటకి అంత పేరొచ్చి, అద్దె అంత పెరిగి, చివరికి ఆ వంటే బయటికి పోతుంది. హైదరాబాద్‌లో మూతపడిన ఇరానీ హోటళ్ల లెక్క తీయండి. టీ రుచి పోయి మూసినవాళ్లకంటే, మూల మీది స్థలానికి రేటొచ్చి మూసినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. వారసుడికి టీ మీద ఎంత ప్రేమున్నా, నలుగురు అన్నదమ్ముల వాటాల దగ్గర ఆ ప్రేమ ఓడిపోతుంది. ఇక్కడ రక్తసంబంధం కొట్టుని కాపాడకపోగా అదే ముక్కలు చేస్తుంది. దీన్ని ఏ పత్రికా నాలుగో తరం వ్యాసంలో రాయదు.

ఇరానీ టీ అన్నాను కాబట్టి నీలోఫర్ కేఫ్ గుర్తొస్తుంది. అందులో బల్లలు తుడిచే పనితో మొదలైన బాబూరావు గారే తర్వాత దాని యజమాని అయ్యారు. పేరు మార్చలేదు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన తెలుగు కుర్రాడి చేతికి ఇరానీ చాయ్ వెళ్తే చాయ్ చెడిపోయిందా? ఆదివారం పొద్దున లక్డీకాపూల్ వైపు వెళ్తే జనమే చెప్తారు. ఇప్పుడది పెద్ద పెద్ద బ్రాంచీలయ్యింది, నాకు పాతదే ఇష్టం, అది వేరే గొడవ.

నా మాటకి ఎదురు మాట ఉంది, అది బలమైనదే. బయటివాళ్లకి ఇచ్చెయ్యమంటున్నావు, బయటివాడంటే అన్నిసార్లూ పక్కింటి నిక్సో, బల్ల తుడిచిన బాబూరావో ఉండడు కదా అంటారు. పెట్టుబడి ఫండ్లు, హోటల్ చెయిన్లు వస్తాయి. పేరు కొంటారు, పాత ఫొటోలు కొత్త ఫ్రేముల్లో పెడతారు, ఫ్రీజర్ రొయ్యలు తెస్తారు. సొంత కుటుంబమైతే నష్టమొచ్చిన ఏడాది కూడా పరువుకోసం నడుపుతుంది, ఫండ్ నడపదు. నిజమే. ఒప్పుకుంటాను. కానీ పరువుకోసం నడిపే ఆ ఏడాది జీతం లేకుండా పనిచేసేది ఎవరు? ఆ ఇంటి కోడలు, కాలేజీ మానేసిన కొడుకు. వాళ్ల లెక్క ఏ పుస్తకంలోనూ రాయరు కాబట్టి ఫ్యామిలీ కొట్టు లాభంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ఉచిత చాకిరీని సంప్రదాయం అని పొగిడే హక్కు, పోబాయ్ తిని కారెక్కి వెళ్లిపోయే నాకు లేదు. ఎంచుకోవలసింది కుటుంబమా చెయినా అని కాదు. కొట్టు నుంచి నడిచొచ్చే దూరంలో ఉండేవాడా, విమానంలో వచ్చేవాడా అన్నది చూడాలి.

రొయ్యల గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే నాది భీమవరం పక్క ఊరు. మా వైపు వరిచేలు చెరువులైపోయాయి. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక ఆ జోరు ఇంకా పెరిగింది. పెళ్లిలో కలిసినా చావులో కలిసినా "కౌంటు ఎంత, రేటెంత" అన్నదే పలకరింపు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని. అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో పెద్ద వాటా ఇండియాది, అందులో ఎక్కువ ఆంధ్రది. ఆ చవక రొయ్య వల్ల గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పడవేసుకుని వేటాడే లూసియానా జాలరి ధర పడిపోయింది. వాళ్లు కేసులు వేశారు, మరీ చవకగా తెచ్చి పోస్తున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచే మన రొయ్య మీద ఉంది. 2019లో లూసియానా ఒక చట్టం తెచ్చింది. దిగుమతి రొయ్యలు వడ్డించే హోటల్ ఆ మాట మెనూ మీద చెప్పాలి. 2025 మొదట్లో దాన్ని ఇంకా బిగించారు. అదే ఏడు ఆగస్టులో అమెరికా ఇండియా సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే, మా బాబాయి చెరువు ఎండగట్టాలా వద్దా అని టెన్షన్‌తో ఫోన్ చేశాడు. "నువ్వక్కడ వాళ్ల రొయ్యలు తింటూ కూర్చో" అన్నాడు, సగం నవ్వుతూ.

తింటాను, ఏం చెయ్యను. మూల కొట్టులో గల్ఫ్ రొయ్యకి ఎక్కువిచ్చి తినడం న్యాయమే అనిపిస్తుంది, మా బాబాయి మీద సుంకం అన్యాయమే అనిపిస్తుంది. ఈ రెండూ నా కడుపులో కలిసే ఉన్నాయి. కొట్టు వరకు మాత్రం విషయం స్పష్టం. ఊరి జాలరి పోతే, ఊరి బట్టీ పోతే, తాతగారి ఫొటో, వారసుడు ఇద్దరూ మిగిలినా ఆ శాండ్‌విచ్ మిగలదు. కౌంటరు వెనక ఎవరి మనవడున్నాడని అడిగేవాళ్లు, పొయ్యి మీద ఏ రొయ్య ఉందని కూడా అడగాలి.

న్యూ ఆర్లీన్స్‌లోనే తూర్పువైపు డాంగ్ ఫువాంగ్ అనే బేకరీ ఉంది. వియత్నాం నుంచి వచ్చిన దంపతులు 1980లలో పెట్టారు. ఆ దేశానికి కూడా రొట్టె ఫ్రెంచివాళ్లతోనే వచ్చింది. బాన్ మీ అనే తమ శాండ్‌విచ్‌ని న్యూ ఆర్లీన్స్ వాళ్లకి అర్థమయ్యేలా వియత్నామీస్ పోబాయ్ అని అమ్మారు. ఇప్పుడు వాళ్ల రొట్టె ఊళ్లోని వేరే హోటళ్లకీ వెళ్తుంది. 2018లో అమెరికాలో వంటలకి, హోటళ్లకి అవార్డులిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్లకి అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు ఇచ్చింది. ఆ ఊరి రొట్టెకి వాళ్లూ వారసులే, తాతల నాటి పత్రాలేవీ లేకుండానే.

ఇదంతా ఇంత ఆవేశంగా రాయడానికి కారణం మా మావయ్య. భీమవరంలో వాళ్ల నాన్నగారు పెట్టిన భోజనం మెస్సు. మధ్యాహ్నం పన్నెండు కొడితే అరటాకుల దగ్గర లైను. కొడుకులిద్దరూ చదువుకున్నారు, ఒకడు బెంగళూరు, ఒకడు డల్లాస్. వాళ్లు రారు, రావాలని నేనూ అనను. అద్దె బిల్డింగు యజమాని పడగొట్టి కట్టుకుంటానన్నాడు, మావయ్యకి మోకాళ్లు అరిగిపోయాయి, మెస్సు మూసేశాడు. మూసేముందు వంట మాస్టర్ వచ్చి అడిగాడు, కుర్రాడిగా గిన్నెలు కడగడానికి వచ్చి ఆ పొయ్యి దగ్గరే మాస్టర్ అయినవాడు. "అయ్యగారూ, వెనక వీధిలో చిన్న షెడ్డు చూశాను. పేరు ఒక్కటీ వాడుకోనివ్వండి, నెలకింతని ఇచ్చుకుంటాను." మావయ్య ఒప్పుకోలేదు. "అది మా నాన్న పేరురా, మనవాళ్లు కానివాళ్లకి ఎలా ఇస్తాం?" అన్నాడు.

మాస్టర్ వేరే పేరుతో పెట్టుకున్నాడు. కొత్త పేరు కాబట్టి పాతవాళ్లకి తెలియదు, మెల్లగా నడుస్తోంది. గోంగూర పచ్చడి అదే, ముద్దపప్పు అదే. మా అత్తయ్య నేర్పినవే అవి, ఆవిడ నేర్చుకున్నది వాళ్లత్తగారి దగ్గర. మొన్న ఫోన్‌లో మావయ్యకి పార్క్‌వే కథంతా చెప్పాను. డెబ్భై ఏళ్లు నడిపిన కుటుంబం పక్కింటివాడికి అమ్మితే వాళ్ల పేరేమీ చెడిపోలేదు, ఇవాళ నేను ఇక్కడ ఫోన్‌లో తలుచుకుంటున్నాను చూడు అన్నాను. "అమెరికా కబుర్లు బాగానే ఉంటాయిలే" అన్నాడు. కాసేపాగి, ఆ షెడ్డుకి అద్దె ఎంతిస్తున్నాడట అని అడిగాడు. నాకు తెలియదన్నాను, కనుక్కుని చెప్తానన్నాను. మావయ్య పిల్లలిద్దరికీ ఆ పేరు అక్కర్లేదు. మాస్టర్‌కి యాభై ఇంకా రాలేదు, పాత బోర్డు మా అత్తయ్య స్టోర్‌రూమ్‌లో గోడకి చేరేసి ఉంది, దానికి ఇంకో కోటింగ్ రంగు వేస్తే చాలు.